ఖాళీ పెనం

ఆ ఏడు చలి ముందుగానే దిగింది. మేమున్నది మూడో అంతస్తు. సందుల్లోంచి గాలి కోసేస్తోందని బాబాయ్ ఒక ఆదివారం కూర్చుని కిటికీ రెక్కల అంచులన్నిటికీ టేపు అంటించాడు. వంటింటి కిటికీ ఒక్కటీ నానమ్మ ముట్టుకోనివ్వలేదు.

"పొయ్యి ఉన్న చోట గాలి ఆడకపోతే ఎలారా?"

"నీ పిట్టలకి జలుబు చేస్తుందమ్మా."

"చేస్తే తుమ్మేది అవే కదా, నీకెందుకు?"

అందరం నవ్వాం. అప్పటికింకా ఆ ఇంట్లో నవ్వులుండేవి. వాటిలో ఎక్కువ వాటా బాబాయ్‌దే. లిఫ్టులు అమ్మే కంపెనీలో పని ఆయనది. సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పుతూనే ఆ రోజు ఏ మేడలో ఎవరు ఇరుక్కుపోయారో చెప్పేవాడు. నాకు ఆ ఊళ్ళో కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం దొరికి ఆయన ఇంట్లో దిగాను. వచ్చిన మర్నాటినుంచే నా పేరు మర్చిపోయి "అద్దాలమ్మా" అని పిలవడం మొదలుపెట్టాడు.

వీధివైపు గది నానమ్మది. నానమ్మది అనడంకంటే పిట్టలది అనడం న్యాయం. గోడ పొడుగునా రెండు పెద్ద పంజరాలు, వాటికి ఎదురుగా ఒక మంచం, కుర్చీ. ఒక పంజరంలో లవ్ బర్డ్స్, రెండోదాంట్లో తల మీద కుచ్చూ బుగ్గ మీద నారింజ బొట్టూ ఉన్న కాకటీల్ జంట. నానమ్మ చాలా ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. అందుకని పిట్టలకి పెట్టిన పేర్లన్నీ ఆ బాపతే. గొంతు చించుకు అరిచేదాని పేరు ట్రంకాలు. ఎప్పుడూ పక్కవాళ్ళ గూట్లో దూరేదాని పేరు రాంగ్ నంబరు. కుచ్చు నిక్కబొడుచుకుని అందరినీ అజమాయిషీ చేసే కాకటీల్ సూపర్‌వైజరమ్మ. ఎక్స్ఛేంజిలో తను కలిపిన నంబర్లు నానమ్మకి ఇంకా నోటికి వచ్చు. ఏ వీధిలో ఏ డాక్టరుది ఏ నంబరో, అతను పోయి ఎన్నాళ్ళయినా, అడిగితే టకటకా చెప్పేది. ఆ జ్ఞాపకశక్తి అంటే ఆవిడకి గర్వం. దాచుకునేది కూడా కాదు.

చలి ముదిరే కొద్దీ బాబాయ్ కూతురు పండుకి ఆయాసం ముదిరింది. అయిదేళ్ళ పిల్ల. కూర్చుంటే పక్కటెముకలు లోపలికి పోయేవి, ఈల వేసినట్టు ఊపిరి వినబడేది. పిన్ని దాన్ని భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే ఆ చప్పుడు ఇల్లంతా తిరిగేది. ఊపిరితిత్తుల డాక్టరు అన్నీ అడిగి, "ఇంట్లో పిట్టలుంటే తీసేసి చూడండి. ఈకల నుసి కూడా కారణం కావచ్చు" అన్నాడట.

ఆ మాట పిన్ని చెప్పగానే నానమ్మ మంచం మీదనుంచి లేచింది. పోట్లాడుతుందనుకున్నాం. పోట్లాడలేదు.

"ఇచ్చేస్తాను. పిల్లకంటే ఎక్కువా? కాకపోతే ఈ చలిలో చోటు మారిస్తే చచ్చిపోతాయిరా. కాస్త ఎండ తగలనీ. నాతో పనిచేసినావిడకి తోట ఉంది, అడుగుతాను. అప్పటిదాకా నా గది తలుపు తీయను, పాపని ఇటు రానివ్వను."

"ఎండ తగిలేదాకా నా కూతురు ఊపిరి బిగబట్టుకు కూర్చోవాలా?" అన్నాడు బాబాయ్.

"నెల పైచిలుకు. ఎన్నో చూశావు, ఇదొక్కటీ ఓర్చుకోలేవా?"

బాబాయ్ నవ్వాడు. "సరే, నీ మాటే కానీ" అన్నాడు. పిన్ని విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే సూపర్‌వైజరమ్మ మేత మానేసి ముడుచుకుని కూర్చుంది. నానమ్మకి మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగలేదు. బాబాయే "నేను తీసుకెళ్తాను పద అద్దాలమ్మా" అన్నాడు. చిన్న పంజరానికి శాలువా చుట్టి నా ఒళ్ళో పెట్టుకుని ఆయన కారులో పిట్టల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ముక్తసరి మనిషి. పిట్టని అరచేతిలో వెల్లకిలా పట్టుకుని పొట్ట నొక్కి చూసింది, నోరు తెరిచి చూసింది, ఒక మందు చుక్క వేసింది. తర్వాత మావైపు తిరిగింది.

"ఇంట్లో ఏమేం వాడతారు? ఘాటుగా ఉండేవి, పొగ వచ్చేవి?"

"అంటే?" అన్నాను.

"దోమల మందు, సిగరెట్లు, గదిలో కొట్టే సెంటు స్ప్రేలు, వాసన కొవ్వొత్తులు, గోడ రంగులు. కిటికీలన్నీ బిగించి కూర్చునే కాలం కదా, నా దగ్గరికి వచ్చేవాటిలో సగం ఇవే. నాన్‌స్టిక్ పెనం ఉందా?"

"ఉంది."

"దాన్ని మాత్రం ఖాళీగా మంట మీద మర్చిపోకండి. బాగా వేడెక్కితే ఆ పూత ఆవిరై గాలిలో కలుస్తుంది. మన ముక్కుకి సరిగ్గా ఆనదు కూడా. వీటికి కొన్ని నిమిషాలు చాలు." ఆవిడ పిట్టని మళ్ళీ పంజరంలో దింపింది. "మనం గాలి పీలుస్తాం, వదుల్తాం. ఇవి పీల్చేటప్పుడూ తీసుకుంటాయి, వదిలేటప్పుడూ తీసుకుంటాయి. గాలిలో ఏముంటే అదంతా ఒంట్లోకే. చిటికెడు ఒంటికి అంత ఊపిరి మరి."

"మనుషులకేం కాదా?" అడిగాడు బాబాయ్.

"దగ్గు, చలిజ్వరం. ఒక రోజులో తగ్గుతుంది. ముసలివాళ్ళకి ఇంకాస్త కష్టం."

"పెనానికింత కథ ఉందా!" అన్నాడు బాబాయ్. తిరిగొస్తూ కారులో మళ్ళీ అడిగాడు, "వేరే గదిలో ఉన్నా పోతాయా? ఏమందావిడ?" భయపడ్డాడనే అనుకున్నాను. "తలుపు తీసుంటే ఏ గదైనా ఒకటేగా బాబాయ్" అన్నాను.

ఇంటికొచ్చి నానమ్మకి అంతా చెప్పాను. ఆవిడ అప్పటికప్పుడే నాన్‌స్టిక్ పెనాన్ని కడిగించి, పాత కాగితాల్లో చుట్టించి, నాచేత అటక మీద పెట్టించింది. అవతల పారేద్దామంటే పిన్ని ఒప్పుకోలేదు, తన పుట్టింటివాళ్ళు కొనిపెట్టింది. వెతికి పాత ఇనప పెనం తీశాం. సూపర్‌వైజరమ్మ మందు పడ్డాక తేరుకుని మళ్ళీ కుచ్చు లేపింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక రోజు మా దుకాణంలో నీళ్ళ గొట్టం పగిలింది. అద్దాల సొరుగులన్నీ తడిసి ముద్దయ్యాయి. మధ్యాహ్నం యజమాని షట్టరు దించేసి అందరినీ పంపేశాడు. నేను మా మేడ గేటు దగ్గరికి వచ్చేసరికి బాబాయ్ మెట్లు దిగి వస్తున్నాడు. మెడకి మఫ్లరు, చేతిలో కారు తాళాలు.

"అద్దాలమ్మా! నువ్వేంటి ఈ వేళప్పుడు?"

"గొట్టం పగిలింది. నువ్వేంటి బాబాయ్?"

"ఇటేపు పని పడింది. రా, టీ తాగుదాం. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి."

"పైకెళ్ళి బట్టలు మార్చుకుంటాను, తడిసిపోయాను."

"నానమ్మ మాత్ర వేసుకుని పడుకుంది, ఇప్పుడెళ్ళి లేపకు. పిన్ని, పాప వాళ్ళ అమ్మమ్మగారింటికి వెళ్ళారు. పైనెవరున్నారని? రా."

మూల మీద టీ కొట్టు ఉంది. లోపల అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. బాబాయ్ గోడ వారగా బల్ల చూసి కూర్చున్నాడు. ఆయన అంత హుషారుగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఇంటి ఓనరూ అద్దెకున్నవాడూ రెండేళ్ళుగా మాటల్లేనివాళ్ళు ఒకే లిఫ్టులో ఇరుక్కున్న కథ చెప్పాడు. తలుపు బద్దలుకొట్టి బయటికి తీసేసరికి ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని లిఫ్టు కంపెనీని తిడుతున్నారట. ఆ తిట్లు ఇద్దరి గొంతులతోనూ పెట్టి చూపించాడు. నాకు నవ్వి నవ్వి పొట్ట పట్టేసింది, పక్క బల్లవాళ్ళు కూడా తిరిగి చూసి నవ్వారు. ఇంకో టీ తెప్పించాడు. ఆ తర్వాత ఇంకోటి. లేస్తానన్నప్పుడల్లా "ఇది విను, ఇదొక్కటీ విను" అంటూ చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. చివరికి గడియారం చూసుకున్నాడు.

"సరే, ఇక నువ్వెళ్ళు. నేను కనబడ్డానని ఇంట్లో అనకు. ఇటేపు వచ్చి పాపని తీసుకురాలేదేమని మీ పిన్ని నా ప్రాణం తీస్తుంది."

తాళం తిప్పుతూనే ఏదో తేడాగా అనిపించింది. తలుపు చప్పుడైతే చాలు, ట్రంకాలు అరిచేది. ఆ అరుపు లేదు. పలచగా ఒక వాసన, ఇస్త్రీ పెట్టె కింద ప్లాస్టిక్ గుండీ కరిగినట్టు. వంటింట్లో పొయ్యి మీద పెనం ఉంది. నాన్‌స్టిక్‌ది. నడిమధ్య నలుపు పోయి బూడిదరంగు తేలింది. కింద మంట పూర్తిగా పెట్టి ఉంది. నేను పొయ్యి కట్టేసి కిటికీ దగ్గరికి పరుగెత్తాను. గడియ వేసి ఉంది. దాన్ని లాగుతుండగా లోపలి గదిలోంచి నానమ్మ దగ్గుతూ గోడ పట్టుకుని వచ్చింది. ఆ మధ్యాహ్నం అక్కడ ఎండ పొడ పడుతుందని తను వెళ్ళి పాప మంచం ఎక్కి పడుకుందట.

"ఏం మాడుతోందే?"

నేను జవాబు చెప్పేలోపే ఆవిడ పెనాన్ని చూసింది. వెంటనే వీధిగది వైపు తిరిగింది. ఆ గది తలుపు బార్లా తీసి ఉంది.

పంజరాల్లో కొమ్మల మీద ఒక్కటి లేదు. అన్నీ అడుగున పడున్నాయి. కొన్ని రెక్కలు సగం విప్పి, కొన్ని ఒకదాని మీద ఒకటి, ఎక్కువ భాగం కిటికీ వైపు మూలకి చేరి. పచ్చ, పసుపు, నీలం రంగులు అలాగే నిగనిగలాడుతున్నాయి. సూపర్‌వైజరమ్మ ఒక్కతే ఇంకా నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. నానమ్మ దాన్ని దోసిట్లోకి తీసుకుని, మోకాళ్ళ నొప్పి సంగతే మరిచి, బాల్కనీలోకి పరుగెత్తింది. చలిగాలికి ఎదురుగా పట్టుకుని నోటితో ఊదింది.

"అమ్మడూ, చూడు, ఇంకా కొట్టుకుంటోంది. చూడవే, కొట్టుకుంటోంది."

కొట్టుకుంటున్నది ఆవిడ వేలు. పిట్ట మెడ అప్పటికే వాలిపోయింది. ఆవిడ చాలాసేపు ఊదుతూనే ఉంది.

సాయంత్రానికి నానమ్మకి వణుకుతో జ్వరం వచ్చింది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడుతున్నాయి. బాబాయ్ పిన్నినీ పాపనీ తీసుకుని వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు. పంజరాల దగ్గరికి వెళ్ళి చూశాడు. తర్వాత తల్లి మంచం పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన గొంతు అంత మెత్తగా ఉండటం నేనెన్నడూ వినలేదు.

"అమ్మా, నిన్నెవరూ ఏమీ అనరు. వయసన్నాక ఇవన్నీ ఉంటాయి."

"నేను పెట్టలేదురా. మాత్ర వేసుకుని పడుకున్నాను. నేనసలు వంటింట్లోకే వెళ్ళలేదు."

"సరే, వెళ్ళలేదు. మరి ఎవరు వెళ్ళారమ్మా? ఇంట్లో ఎవరున్నారు?"

నానమ్మ దుప్పట్లోంచి మా అందరి ముఖాలూ వరసగా చూసింది.

"పెనం అటక మీద ఉంది కదా" అన్నాను నేను. "మోకాళ్ళతో స్టూలెక్కి ఎలా దించుతుంది?"

"నేననేదీ అదే. చేసింది కూడా గుర్తుండదు. పడలేదు, అదే పదివేలు." బాబాయ్ నావైపు తిరిగాడు. "నేనంటావా, పొద్దున పోయినవాణ్ణి ఇప్పుడేగా రావడం. తనేమో అమ్మగారింట్లో. నువ్వు దుకాణంలో." అలా అంటూ నా కళ్ళలోకి చూశాడు. కోపం లేదు, బెదిరింపు లేదు. టీ కొట్లో కథ చెబుతూ చూసినట్టే చూశాడు. "కాసిని మంచినీళ్ళు పట్రా అద్దాలమ్మా, నానమ్మ గొంతు ఎండిపోయింది."

వెళ్ళి తెచ్చాను. ఆయన గ్లాసు అందుకుని, తల్లి తల ఎత్తి పట్టుకుని, గుక్క గుక్కగా తాగించాడు.

ఆ తర్వాత నానమ్మని ఒక్కొక్క మర తీసినట్టు విప్పేశారు. ముందు పొయ్యి నాబ్‌లు పోయాయి. పిన్ని వంట ముగించాక, ఆఫీసుకి వెళ్ళేటప్పుడు బాబాయ్ వాటిని పీకి కోటు జేబులో వేసుకునేవాడు. తర్వాత ఇంటి తాళంచెవి. వచ్చినవాళ్ళ ముందు "మా అమ్మ చేతి వంట తిన్నారా? పిట్టలన్నిటినీ ఒక్క పెనంతో సరిపెట్టింది" అనేవాడు. వాళ్ళు నవ్వాలో వద్దో తెలీక నవ్వేవాళ్ళు. నానమ్మ ఆ నవ్వుల మధ్య కూర్చుని తన అరచేతులు చూసుకునేది. మొదట్లో "నేను కాదు" అనేది. కొన్నాళ్ళకి "నేను కాదేమో" అంది. ఆ తర్వాత ఆ మాట కూడా మానేసింది. కుర్చీలోంచి లేస్తే రెండడుగులు వేసి, "నేను పంపు కట్టేశానా అమ్మడూ?" అని నన్ను అడిగేది. అసలు పంపు తిప్పనే లేదు.

జ్ఞాపకశక్తి డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. ఈ రోజు ఏ వారమని అడిగాడు. నానమ్మ జవాబు చెప్పబోయి కొడుకు ముఖం చూసింది. బాబాయ్ జాలిగా తలాడించాడు. ఆవిడకి తెలిసిన జవాబే, నోట్లోనే ఆగిపోయింది. మీ ఇంటి ఫోను నంబరు చెప్పమన్నాడు. రెండు అంకెలు చెప్పి ఆగింది. చెంపల మీదినుంచి చెమట కారింది, ఆ చలిలో. కారులో కూర్చున్నాక, డాక్టరు అడిగినవన్నీ కిటికీ అద్దం వైపు తిరిగి తనలో తను వరసగా అప్పజెప్పుకుంది. వారం, తేదీ, నంబరు. ఒక్కటీ తప్పు లేదు. వినిపించుకున్నది నేనొక్కదాన్నే.

వీధిగది కడిగి, సున్నం వేయించి, పండుకి ఇచ్చారు. నానమ్మ మంచం హాల్లోకి వచ్చింది. ఒక్కటి ఒప్పుకోవాలి: పాపకి నయమైంది. ఈల చప్పుడు తగ్గి, తగ్గి, ఆగిపోయింది. పిల్ల ఇల్లంతా గంతులేస్తుంటే పిన్ని ముఖం విచ్చుకుంది. అది చూసి సంతోషించని మనిషి ఆ ఇంట్లో లేదు. నానమ్మ కూడా సంతోషించింది.

ఒక పొద్దున బాబాయ్‌తో కలిసి మెట్లు దిగుతూ అడిగేశాను.

"బాబాయ్, ఆ రోజు మనం టీ తాగాం కదా."

"ఏ రోజు?"

"పిట్టలు పోయిన రోజు."

ఆయన ఆగలేదు. మఫ్లరు సర్దుకున్నాడు. "నీక్కూడా మొదలైందా అద్దాలమ్మా? మన వంశంలోనే ఉన్నట్టుంది ఈ మతిమరుపు" అని నవ్వుతూ నా తల మీద చెయ్యి వేసి నిమిరాడు. ఆ చెయ్యి చల్లగా లేదు, బరువుగా లేదు. ఎప్పటి చెయ్యే.

నానమ్మకి చెప్పాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. సెలవు రోజు, ఎండ కాస్త పడింది. పిన్నీ వాళ్ళూ బయటికి వెళ్ళారు. నానమ్మని బాల్కనీలో కూర్చోబెట్టి, మోకాళ్ళకి నూనె రాస్తూ మొత్తం చెప్పాను. డాక్టరమ్మ అన్న మాటలు, కారులో బాబాయ్ మళ్ళీ అడగడం, మెట్లు, టీ కొట్టు, లిఫ్టు కథ. ఆవిడ కదలకుండా విన్నది.

"ఎంతసేపు కూర్చోబెట్టాడు?"

"మూడు టీలు తాగేంతసేపు."

"నేను లోపల పడుకున్నానని వాడికి తెలుసా?"

అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆవిడ నా ముఖంలోకే చూస్తోంది.

"తెలుసు. మాత్ర వేసుకుని పడుకుంది, లేపకు అన్నాడు."

నానమ్మ కింద వీధిలోకి చూసింది. ఎవరో సైకిలు చైను ఎక్కించుకుంటున్నారు. వాళ్ళు ఎక్కించుకుని వెళ్ళిపోయేదాకా చూసింది.

"వాడు పొయ్యి వెలిగించడం నువ్వు కళ్ళారా చూశావా?"

"లేదు."

"మరి." నా చేతిలోంచి మోకాలు లాగేసుకుంది. "ఒకరి కొడుకు గురించి మాట్లాడేటప్పుడు నోరు కడుక్కుని మాట్లాడాలే."

ఆ సాయంత్రం అందరం బల్ల చుట్టూ కూర్చుని తింటున్నాం. నానమ్మ చెంచా కింద పెట్టింది.

"ఒరేయ్, నాకు గుర్తొచ్చింది. ఆ రోజు పెనం పెట్టింది నేనేరా."

పిన్ని తలెత్తింది.

"గుడ్డు వేయించుకుందామనిపించింది. స్టూలు వేసుకుని అటక మీదనుంచి దించాను. కాగితాలు విప్పి, మడిచి, డబ్బాలో పడేశాను. చలిగా ఉందని వంటింటి కిటికీ గడియ పెట్టాను. పిట్టల గది తలుపు తీసి, మళ్ళీ మూసుకుపోకుండా కుర్చీ అడ్డం పెట్టాను. మంట పెద్దది చేశాను." ఆవిడ గొంతు తొణకలేదు. ఎక్స్ఛేంజిలో కూర్చుని లైను కలిపేటప్పుడు అలాగే మాట్లాడేదేమో. "లోపలి గదిలో మనిషి పడుకుని ఉందని తెలుసు. వెళ్ళి తలుపైనా దగ్గరికి వెయ్యలేదు. ఊపిరి ఆడుతోందో లేదోనని చూడనైనా చూడలేదు. తాళం వేసుకుని వెళ్ళిపోయాను."

"అత్తయ్యా, ఏం మాట్లాడుతున్నారు? లోపల పడుకున్నది మీరే కదా" అంది పిన్ని, భయంగా.

"అవునా? నేనేనా?" అంది నానమ్మ. "చూశావా, అన్నీ కలగాపులగం అయిపోతున్నాయి."

బాబాయ్ పళ్ళెంలోకి చూస్తున్నాడు. గొంతు రెండుసార్లు కదిలింది కానీ ముద్ద దిగలేదు. కాసేపటికి "పోనీలే అమ్మా" అన్నాడు. ఆ మాట నాకు వినబడిందంటే పక్కన కూర్చున్నాను కాబట్టి.

"పోనీలే అనకు. తప్పు నాదేనని ఇక ఎవరడిగినా నేనే చెబుతాను. నువ్వు శ్రమపడక్కర్లేదు" అని చెంచా తీసుకుని తినడం మొదలుపెట్టింది.

మర్నాడు నేను పనికి వెళ్తుంటే గుమ్మం దగ్గర ఆపింది. "వేరే చోటు చూసుకో అమ్మడూ."

"ఎందుకు నానమ్మా?"

"నువ్వుంటే వాడు ముద్ద మింగలేడు."

"మింగకపోతేనేం!"

"నేను కన్నది వాణ్ణే, నిన్ను కాదు." అంత సూటిగా, అంత కటువుగా ఆవిడ నాతో ఎన్నడూ మాట్లాడలేదు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆవిడ చూసి కూడా చూడనట్టు లోపలికి వెళ్ళిపోయింది.

దుకాణంలో పనిచేసే అమ్మాయి గదిలో చోటు దొరికింది. అప్పటికి చలి తగ్గుముఖం పట్టింది. బాబాయ్ కిటికీల టేపులు పీకేస్తున్నాడు. ఈ లోపు నానమ్మ ఇంకా మారిపోయింది. పిన్నిని వేరే ఎవరో అనుకుని పలకరించేది. తిన్నాక మళ్ళీ కంచం ముందు కూర్చునేది. బాబాయ్ ఇంట్లో ఉన్నప్పుడు ఎక్కువగా ఉండేది ఇదంతా. ఆయన లేనప్పుడు కూడా కొంత ఉండేది. నటనేమో అని నేను మొదట్లో ఓరగా కనిపెట్టి చూశాను. చూసిన కొద్దీ తేల్చుకోలేకపోయాను.

వెళ్ళేరోజు పెట్టె పట్టుకుని వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాను. "వెళ్ళొస్తాను నానమ్మా."

ఆవిడ నన్ను తేరిపార చూసింది. "ఎవరమ్మా నువ్వు? ఎవరి కోసం వచ్చావు?"

బాబాయ్ పక్కనే ఉన్నాడు. "అద్దాలమ్మే అమ్మా, అన్నయ్య కూతురు" అన్నాడు నవ్వుతూ. నానమ్మ ముఖంలో ఏమీ కదల్లేదు. ఆ కళ్ళలో నాకోసం ఎక్కడైనా చిన్న గుర్తు ఉంటుందేమోనని వంగి వెతికాను. నా చొక్కా గుండీ వైపు చూస్తూ కూర్చుంది.

రెండో అంతస్తు మలుపులో ఉండగా వెనక అడుగుల చప్పుడు వినబడింది. బాబాయ్. చెప్పులు లేకుండా వచ్చాడు. మఫ్లరు లేని మెడ సన్నగా, ముసలిగా కనిపించింది.

"ఒక్క మాట. నిజంగానే మర్చిపోయిందా?"

"ఏది?"

"అన్నీ. నీతో ఏమైనా అందా? నువ్వేమైనా చెప్పావా? ఆ రోజు భోజనాల దగ్గర అలా..." ఆయన నా పెట్టె పిడి పట్టుకున్నాడు. "ఆవిడ కావాలనే అంటోందా, తెలీకే అంటోందా? చెప్పవే. నాకు నిద్ర పట్టడం లేదు."

"నాకేం తెలుసు బాబాయ్? నాకూ మతిమరుపేగా."

పెట్టె విడిపించుకున్నాను. పైన తలుపు తెరిచిన చప్పుడైంది. నానమ్మ రెయిలింగు పట్టుకుని వంగినట్టుంది.

"మెట్ల మీద ఎవరది?"

"నేనేనమ్మా" అన్నాడు బాబాయ్.

"నేనంటే ఎవరు?"

ఆయన పైకి ఎక్కలేదు, కిందికి దిగలేదు. నేను దిగిపోయాను. గేటు దాటేదాకా విన్నాను, ఆయన జవాబు చెప్పలేదు.